మదనపల్లె నుంచి పాలారు దాకా

వేసవి సెలవులు సమీపించగానే ఉమ్రా యాత్రలు నడిపే కార్యాలయాల గోడలపై కొత్త ప్రకటనలు వెలుస్తాయి. పన్నెండు రోజులలో ఐదు దేశాలు. సరస్సులపై పడవ విహారం, సముద్ర తీరాలు, చారిత్రక నగరాలు, హలాల్ భోజనం, అడుగడుగునా వెంట ఉండే గైడు. ఆ చిత్రాలు కనులపండువుగానే ఉంటాయి. ధర మాత్రం ఒక సామాన్య కుటుంబం రెండేళ్లు కూడబెట్టినా అందదు. నిజానికి మా సీమలోని ముస్లిం కుటుంబాలకు విదేశం అన్న మాట విహారాన్ని స్ఫురింపజేయదు. మదనపల్లె, రాయచోటి ప్రాంతాల ఇళ్లలో విదేశమంటే కువైట్, సౌదీ. అంటే జీతం, వీసా గడువు, పిల్లలు పెరగడాన్ని ఫోనులో చూడడం.

నా తమ్ముడు నలభై ఐదు రోజుల సెలవుపై ఇల్లు చేరినప్పుడు ఆ ప్రకటన ఒకటి చేతబట్టుకొని వచ్చాడు. పిల్లలకు ఒక్కసారైనా లోకం చూపించాలని అతని తపన. అది తప్పు కాదు. భూమిలో సంచరించి, మునుపటి జాతుల పర్యవసానం ఏమైందో చూడమని దివ్య ఖుర్ఆన్ పదే పదే ప్రబోధిస్తుంది. అయితే ఆ చూడడం ఎక్కడినుంచి మొదలుకావాలన్నదే నా ప్రశ్న. "ఆపా, ఇక్కడ చూసేదేముంది?" అన్నాడు తమ్ముడు. చివరికి ఒక వ్యాను అద్దెకు తీసుకొని, రెండు కుటుంబాలుగా మూడు రోజుల ప్రయాణానికి బయలుదేరాము. దారి చూపడానికి ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయులు మాతో రావడానికి అంగీకరించారు. పిల్లలంతా ఆయనను మాస్టర్ సాబ్ అన్నారు, మేమూ అదే పిలుపు అలవాటు చేసుకున్నాము.

మొదట గుర్రంకొండ. మదనపల్లె నుంచి కడప వైపు వెళ్లే దారిలో, మైదానం మధ్య నుంచి ఒక్కసారిగా లేచి నిలిచిన రాతి కొండ అది. మూడు వైపులా నిటారు బండ. ఆ కొండను ఒక గుర్రం కాపాడుతుండేదని, అది ఉన్నంతకాలం కోటను ఎవరూ జయించలేరని ఐతిహ్యం. ఒక మరాఠా దొంగ బండలో ఇనుప మేకులు దిగగొట్టుకుంటూ పైకెక్కి ఆ గుర్రాన్ని తస్కరించాడట. చివరికి దొరికిపోయాడట. పిల్లలకు ఈ కథ ఎంత నచ్చిందంటే, ఆ మేకులు ఇప్పటికీ ఉన్నాయా అని బండకేసి చాలాసేపు వెదికారు.

కొండ పాదంలో ఉన్న రంగినీ మహల్ రెండంతస్తుల కట్టడం. దాని తోరణాలు, గచ్చు పనితనం నేటికీ చూపరులను నిలువరిస్తాయి. గోడలపై గీసిన పేర్లు కూడా నిలువరిస్తాయి, మరో కారణాన. అక్కడికి దగ్గరలోనే మీర్ రజా అలీ ఖాన్ మక్బరా ఉంది. ఆయన హైదర్ అలీకి బావమరిది, టిప్పు సుల్తాన్‌కు మేనమామ, ఈ కోటకు పాలకుడు. మాస్టర్ సాబ్ అక్కడ నిలబడి సలాం చెప్పి, మృతుల మన్నింపు కోసం దుఆ చేశారు. మా అమ్మాయి గుమ్మానికి దారం కట్టాలా అని అడిగితే, వారించి, ప్రవక్త (స) సమాధుల దర్శనాన్ని అనుమతించినది పరలోక చింతన కోసమేనని, అడగవలసినది అల్లాహ్‌నే అని నెమ్మదిగా చెప్పారు. కోటలు కట్టినవారే ఒక దుఆ కోసం దారిన పోయేవారి వైపు చూస్తున్న చోట, ఆ మాటకు వేరే వ్యాఖ్యానం అవసరపడలేదు.

కోట చరిత్రను ఆయన చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. 1791లో నిజాం సేనలు, ఆంగ్ల సేనలు కలిసి గుర్రంకొండను ముట్టడించాయి. 1792 నాటి శ్రీరంగపట్నం ఒప్పందం తరువాత ఈ ప్రాంతం మైసూరు చేయి దాటి నిజాంకు చిక్కింది. 1800లో నిజాం దీనిని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. "కాబట్టి ఆ రోజుల్లో ఈ ఊరి రైతు పదేళ్లలోపే మూడు ప్రభుత్వాలను చూశాడు. ఇల్లు కదలకుండానే మూడు దేశాల యాత్ర. శిస్తు మాత్రం ముగ్గురికీ కట్టాడు," అన్నారు. తమ్ముడు చాలాకాలం తరువాత మనసారా నవ్వాడు.

మా పిల్లలు టిప్పు పేరును టెలివిజన్ వాదోపవాదాలలోనే విన్నారు. పొగిడేవారు, తిట్టేవారు, రెండు వైపులా గొంతులు పెద్దవి. తమ ఊరికి గంట ప్రయాణంలోపు ఆయన మేనమామ ఖననమై ఉన్నాడని, ఆ కుటుంబం ఈ మట్టిలోనే పుట్టి పెరిగిందని వారికి ఎవరూ చెప్పలేదు. హైదర్ అలీ పుట్టిన బూదికోట కుప్పానికి పడమరగా, బంగారుపేట సమీపంలో ఉంది. ఆయన కన్నుమూసినది 1782 డిసెంబరు 7న, చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలో. టిప్పు వచ్చేవరకు ఆ వార్తను సైన్యానికి తెలియనీయక, భౌతికకాయాన్ని కోలారుకు తరలించి తండ్రి సమాధి చెంత ఉంచారు. తరువాతనే శ్రీరంగపట్నం చేర్చారు. చిత్తూరు, కుప్పం, కోలారు: ఇవన్నీ మేము సంతలకు, పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు తిరిగే ఊళ్లే.

ఆ సాయంకాలం హార్సిలీ కొండ ఎక్కాము. పూర్వం దీని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యూ.డి. హార్సిలీ మైదానపు ఎండకు తాళలేక ఇక్కడ బంగళా కట్టుకున్నప్పటినుంచి ఆయన పేరే స్థిరపడింది. నాలుగు వేల అడుగులకు పైబడిన ఎత్తు, నీలగిరి చెట్ల వాసన, చల్లని గాలి. స్విట్జర్లాండు కాదు. కానీ మగ్రిబ్ నమాజు తరువాత ఆ అంచున కూర్చొని కింద దూరాన మిణుకుమంటున్న ఊళ్ల దీపాలను చూస్తుంటే, ఎడారి ఎండలో ఏళ్లు గడిపిన మనిషి కళ్లలో నీరు తిరగడం నేను చూశాను.

మదనపల్లె మా సొంత ఊరు గనుక దానిని ఎప్పుడూ చూడాలనుకోలేదు. మరునాటి ఉదయం మాస్టర్ సాబ్ మమ్మల్ని పరదేశులను తిప్పినట్టే తిప్పారు. అనీ బిసెంట్ 1915లో నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాల ముందు వ్యాను ఆగింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు ఇక్కడ అతిథిగా ఉన్నారు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్, ఆయన సతీమణి మార్గరెట్ వారికి ఆతిథ్యమిచ్చారు. నేటి మన జాతీయగీతానికి ఠాగూరు స్వయంగా ఆంగ్లానువాదం చేసినది ఇక్కడే. మార్గరెట్ ఆ బాణీని స్వరలిపిలో పొందుపరచారు.

అంతకన్నా నన్ను కదిలించినది ఆరోగ్యవరం. క్షయ అంటే మరణశిక్షగా భావించిన రోజులలో పలు క్రైస్తవ మిషన్లు కలిసి ఇక్కడ శానిటోరియం స్థాపించాయి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దానిని తీర్చిదిద్దాడు. పొడి గాలి, చెట్ల నీడ, విశ్రాంతి. మందు లేని కాలంలో అవే మందు. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాల కార్యక్రమం మొదలైనదీ మదనపల్లెలోనే. పిల్లలు తమ భుజాలపై ఉన్న మచ్చలను ఒకరికొకరు చూపించుకున్నారు. ఆ మచ్చకు తమ ఊరితో బంధుత్వం ఉందని తెలిసి వారికి కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఒక ప్రాణాన్ని కాపాడితే సమస్త మానవాళినీ కాపాడినట్లేనన్న బోధను మనం ప్రసంగాలలో తరచు వింటాము. పరాయి దేశం నుంచి, పరాయి మతం నుంచి వచ్చి ఆ పని చేసినవారి ఆవరణలో నిలబడినప్పుడు అది మరోలా వినిపిస్తుంది.

టమాటా మార్కెట్టును వ్యానులోంచే చూశాము. పెట్టెల గుట్టలు, లారీలు, హమాలీల కేకలు. 2023 జూలైలో ఇక్కడ కిలో ధర రెండు వందల రూపాయల దరిదాపుకు వెళ్లింది. గిట్టుబాటు కాక పంటను రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఉన్నాయి.

పుంగనూరులో ఎక్కువసేపు లేము. జమీందారుల పాత ప్యాలెసు, పెద్ద చెరువు, ఆపైన ఆ పేరుగాంచిన పొట్టి ఆవు. మనిషి నడుముకు కాస్త అటూ ఇటూ ఉండే ఎత్తు, తక్కువ మేత, వెన్న అధికంగా ఉండే పాలు. ఒకప్పుడు అంతరించిపోతుందని భయపడిన జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రం నిలబెట్టింది. ఇప్పుడది సంపన్నుల పెరళ్లలో అలంకారమైంది. మెట్ట రైతు కోసం పుట్టిన ఆవు మెట్ట రైతు కొనలేని ధర పలకడం విచిత్రమే.

ఈ దారిలో పిల్లలు నేర్చుకున్న మరొక విషయం ప్రయాణికుని నమాజు. మదనపల్లె నుంచి కుప్పం నూరు కిలోమీటర్లకు పైమాటే. హనఫీ ధర్మవేత్తలు సఫర్‌కు చెప్పిన నలభై ఎనిమిది మైళ్ల హద్దు దాటుతుంది గనుక, ఊరి పొలిమేర వదిలినప్పటినుంచి జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్‌లు రెండేసి రకాతులే. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమాము వెనుక చేస్తే పూర్తిగా నాలుగూ చేయాలి. మగవారు మసీదులకు వెళ్లారు. మాకు వి.కోట దగ్గర ఒక ఇంటివారు వసారా ఊడ్చి చాప పరిచారు. మేమెవరమని ఆ ఇల్లాలు అడగనేలేదు. నమాజు ముగిశాక టీ ఇచ్చి, అప్పుడు అడిగింది. పెద్ద ప్యాకేజీ యాత్రలలో ఈ సౌకర్యం ఏ జాబితాలోనూ ఉండదు.

కుప్పం ఆంధ్రప్రదేశ్‌కు దక్షిణపు మూల. ఒక వైపు కర్ణాటక, మరో వైపు తమిళనాడు. బజారులో ఒకే అంగడి ముందు తెలుగు, తమిళం, కన్నడం, దక్కనీ ఉర్దూ వినిపించాయి. అంగడివాడు నాలుగింటిలోనూ బేరం ఆడాడు, నాలుగింటిలోనూ తగ్గలేదు. పొరుగు రాష్ట్రాల సహకారంతో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఇక్కడ స్థాపించడంలో ఔచిత్యం ఆ అంగడి ముందే అర్థమైంది.

ఇక్కడి సరస్సులంటే చెరువులే. ఒకటి నిండితే అలుగు పారి మరొకటి నింపేలా పూర్వులు కట్టిన గొలుసు చెరువులు. వానలు తప్పి, పూడిక పేరుకొని అవి ఏళ్ల తరబడి పిల్లల క్రికెట్ మైదానాలుగా మిగిలాయి. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ ద్వారా శ్రీశైలం నుంచి కృష్ణా జలాలు ఏడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి కుప్పం చేరాయి. ఎక్కడో పడమటి కనుమలలో కురిసిన వాన ఈ చివరి మూలకు రావడం చూసి ముసలివారు మాటరాక నిలబడ్డారని ఒక రైతు చెప్పాడు.

మూడవ రోజు పాలారు వెంట వెళ్లాము. కర్ణాటకలోని నంది కొండలలో పుట్టి, కుప్పం ప్రాంతంలో కేవలం ముప్పై మూడు కిలోమీటర్లు ఆంధ్రలో నడిచి, వాణియంబాడి, ఆంబూరు, వేలూరుల మీదుగా తమిళనాడును దాటి సముద్రంలో కలిసే నది ఇది. పేరు పాల ఏరు. నీటి పంపకంపై 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందాన్ని చూపి నేటికీ రాష్ట్రాలు వాదించుకుంటున్నాయి. మేము వెళ్లినప్పుడు వాదానికి తగినంత నీరు నదిలో లేదు.

వాణియంబాడి, ఆంబూరు ముస్లింల చదువుకు, దాతృత్వానికి పేరెన్నికగన్న ఊళ్లు. వాణియంబాడి ఇస్లామియా కళాశాల 1919లో వెలసింది. ఆంబూరుకు సమీపాన ఉమరాబాదులోని జామియా దారుస్సలాం 1924 నాటిది. వేలూరు బాఖియాతుస్సాలిహాత్ అంతకన్నా పాతది. మా జిల్లా మసీదులలో ఎందరో ఇమాములు ఈ విద్యాలయాలలో చదివినవారే. ఈ సంస్థలకు చేయూతనిచ్చిన ధనంలో అధికభాగం తోళ్ల వ్యాపారానిది.

ఆ తోళ్ల శుద్ధి కర్మాగారాల మురుగే పాలారును కాల్చివేసింది. ఉప్పు, క్రోమియం కలిసిన నీరు దశాబ్దాలపాటు నదిలోకి, పొలాలలోకి పారింది. బావులు చేదెక్కాయి, కొబ్బరి తోటలు ఎండిపోయాయి. 1996లో సుప్రీంకోర్టు ఈ నది విషయంలోనే చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చి, కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని ధ్రువీకరించింది. 2025 జనవరిలో మళ్లీ అదే న్యాయస్థానం బాధితులకు పరిహారం, నదికి పునరుద్ధరణ ఆదేశించవలసి వచ్చిందంటే మధ్యలోని ఇరవై ఎనిమిదేళ్లు ఎలా గడిచాయో ఊహించవచ్చు. ప్రవహించే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని దుబారా చేయవద్దన్న ప్రవక్త (స) అనుచరులం మనం. ఈ వ్యాపారంలో మనవారి వాటా పెద్దది కాబట్టి ఈ మాట మన పత్రికలోనే రావాలి. శుద్ధి కేంద్రాలకు నిజాయితీగా ఖర్చుపెట్టిన యజమానులు లేకపోలేదు. వేలాది పేద కుటుంబాల కూడు, ముఖ్యంగా ఆడవారి కూలి, ఆ పరిశ్రమపైనే ఉందన్నదీ నిజం. కానీ పొరుగువాని బావి చేదెక్కిన తరువాత మసీదుకు ఎన్ని మినార్లు కట్టినా ఆ లెక్క తీరేది కాదని మాస్టర్ సాబ్ అన్నారు, ఆయనకు ఇక్కడ బంధువులున్నా సరే.

ఆంబూరులో మధ్యాహ్నం జీరక సాంబ బియ్యపు బిర్యానీ, వంకాయ కూర. దాని ఖ్యాతికి ఢోకా లేదు. తినేటప్పుడు తమ్ముడు పాలారు వంతెన గురించి మళ్లీ మళ్లీ అడిగాడు. కువైట్‌లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారంలో పనిచేసేవాడు గనుక, ఒక బిందె తీపి నీటికి ఎంత ఇంధనం మండుతుందో అతనికి తెలుసు.

ఓపిక ఉన్నవారు నది వెంటే ముందుకు సాగవచ్చు. చెన్నైకి దక్షిణాన వయలూరు వద్ద పాలారు సముద్రంలో కలుస్తుంది, తీరం చూడాలన్న పిల్లల ముచ్చటా తీరుతుంది. మాకు తమ్ముడి తిరుగు టికెట్టు పదకొండు రోజులలో ఉండడంతో వాణియంబాడి నుంచే వెనుదిరిగాము. వేలూరు వైపు సాగడం వచ్చే సెలవుకు ఉంచాము.