మొప్పలు ఎత్తి చూడలేని చోట

ఆదివారం పొద్దున ఏడింటికే రాంనగర్ చేపల మార్కెట్లో కాలు పెట్టే సందు లేదు. రవ్వ చేప కావాలన్నానో లేదో, అమ్మే ఆమె మొప్ప ఎత్తి చూపించింది. "సూడమ్మా, నెత్తురు లెక్కున్నయి. కన్ను గూడ లోపలికి పోలే." పొట్ట మీద వేలితో నొక్కింది. గుంట పడలేదు. కిలోన్నర చేపను ముక్కలు కొట్టించి, ఐసు వేయించుకుని ఆటో ఎక్కాను.

చేప కూర కోసమే అయినా, దానికంటే ముందు వేరే పనుంది. మా అక్క కూతురు ఉస్మానియా క్యాంపస్‌లో పరిశోధన చేస్తోంది. తిండి పాడైతే రంగు మారే ప్యాకింగ్ పొర దాని పని. "పిన్నీ, వచ్చేటప్పుడు తాజా చేప పట్టుకురా, తమాషా చూపిస్తా" అంది.

అడిక్‌మెట్ ఫ్లైఓవర్ దాటి ఆటో క్యాంపస్‌లోకి తిరిగింది. 1939 నుంచి నిలబడి ఉన్న ఆర్ట్స్ కాలేజీ గులాబీ రాయి మీద అప్పుడే ఎండ పడుతోంది. చెట్ల కింద పోటీ పరీక్షల పిల్లలు పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు.

ల్యాబులో పిల్ల నా చేతిలో పసుపుపచ్చ కాగితం లాంటిది పెట్టింది. ముట్టుకుంటే పలచగా తీసిన మామిడి తాండ్రలా ఉంది. చేసే తీరూ ఇంచుమించు అదేనట. పిండిపదార్థాన్ని గంజిలా కాచి, విరిగిపోకుండా కాస్త గ్లిజరిన్ కలిపి, పసుపులోని కుర్కుమిన్ వేసి, పళ్లెంలో పోసి ఆరబెట్టాలి. గంజికి బదులు రొయ్య పెంకుల నుంచి తీసిన కైటోసాన్ కూడా వాడతారు.

బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. రెండింటిలోనూ అంతకు ముందు రోజు పొద్దున పెట్టిన చేప ముక్కలే. ముక్కకు తగలకుండా మూత లోపల పొర అతికించి ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాలో పొర పసుపుగానే ఉంది. రాత్రంతా బయట ఉన్న డబ్బాలో మాత్రం ఇటుక రంగుకు తిరిగింది. మూత కొద్దిగా తీసిందో లేదో, ఇద్దరం ముక్కు మూసుకున్నాం. నేను తెచ్చిన ముక్కొకటి మూడో డబ్బాలోకి చేరింది.

"ఎలాగే ఇది?"

"నీకు తెలిసిందే పిన్నీ. దిష్టి నీళ్లు ఎలా చేస్తావు?"

పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎర్రబడతాయి. పెళ్లికూతురి కాళ్లకు పారాణి కలిపేదీ అలాగే. సున్నం క్షారం. చేప కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు మాంసకృత్తులను విరగ్గొడితే అమ్మోనియా, అమైన్ల ఆవిర్లు పుడతాయి. అవీ క్షారాలే. సున్నం చేసే పనే అవి గాలిలోంచి చేస్తాయి.

"మరి పాలకో?"

పాలు పులిస్తే ఆమ్లం పుడుతుంది, దానికి పసుపు చలించదట. అక్కడ శంఖపుష్పం, ఎర్ర క్యాబేజీల రంగు కావాలి. అందులోని ఆంథోసయనిన్లు ఆమ్లం తగిలితే ఎరుపు వైపు, క్షారం తగిలితే నీలం, ఆకుపచ్చల వైపు తిరుగుతాయి.

లోపాలూ అదే చెప్పింది. పసుపు మరక పడ్డ చీరను ఎండలో ఆరేస్తే మరక పోయినట్టే, వెలుతురు తగిలితే ఈ పొర కూడా వెలిసిపోతుంది. పైగా, జబ్బు చేసే క్రిములన్నీ ఆవిర్లతో చాటింపు వేసుకుని రావు. పొర పసుపుగా ఉందంటే తినేయవచ్చని హామీ ఏమీ కాదు.

మధ్యాహ్నం హబ్సిగూడలోని దాని గదికి బయల్దేరాం. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ముందు నుంచి వెళ్లాం. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. గోడ వైపు చూస్తుంటే, ఇలాగే రంగు మారే గుర్తున్న పోలియో చుక్కల సీసా గుర్తొచ్చింది. దాని మీద వలయం మధ్యలో చిన్న చదరం ఉంటుంది. వేడి తగిలే కొద్దీ ఆ చదరం ముదురుతుంది. వలయంతో సమానమైతే ఆ మందు వాడరు. 1996 నుంచి ఉన్న ఏర్పాటు. అయితే అది లెక్కపెట్టేది సీసా తిన్న వేడిని. ఈ పొర పట్టేది డబ్బాలో పుట్టిన కుళ్లును.

హబ్సిగూడలో ఒక దుకాణంలో నూనె కొంటూ చికెన్ ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నాను. పోయిన నెల వేరే చోట ఇలాంటిదే కొన్నాను. తేదీకి ఇంకా రెండు రోజుల గడువుంది, ఇంటికెళ్లి విప్పితే వాసన. చల్లగా ఉంచితే ఎన్నాళ్లు ఆగుతుందో లెక్కకట్టి వేసేది ఆ తేదీ. దారిలో ఎక్కడ, ఎంతసేపు ఎండలో ఆగిందో దానికేం తెలుసు? రాంనగర్ ఆమె ముందు నేను బేరమాడగలను, మొప్ప ఎత్తించగలను. ప్లాస్టిక్ మూత ముందు ఏం చేయగలను? ఆ పొర అవసరం అక్కడే.

గదిలో ముక్కలు కడిగి, ఉప్పు, పసుపు పట్టించి పక్కన పెట్టాను. ఉల్లిపాయలు తరుగుతూ మధ్యలో రెండుసార్లు గిన్నె మూత తీసి చూశాను. పిల్ల నవ్వింది.

ముక్కలు పసుపుగానే ఉన్నాయి.