బీడీ, బిడి

చంద్రపూర్‌ను మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చాందా అనే అంటారు. మా తాత కరీంనగర్ దిక్కు నుంచి బొగ్గుబావుల్లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెంట వచ్చిన బతుకమ్మ, సకినాలు, సర్వపిండి గురించి మేము గొప్పగా చెప్పుకుంటాం. వాటితో పాటే వచ్చిన బీడీ గురించి మాత్రం ఎవరం చెప్పుకోం. తునికాకు కోసేది మా చంద్రపూర్, గడ్చిరోలి అడవుల్లో. బీడీలు చుట్టేది కరీంనగర్, నిజామాబాద్‌లలో మన ఆడవాళ్లు. రెండు దిక్కులా మన బతుకులో కలిసిపోయిన వస్తువు కాబట్టి, అది చెడ్డదని అనడానికి నోరు రాదు.

మా పెద్దబాపు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. బీడీ మానమంటే ఆయనది ఒకటే మాట: "గీ ఊర్ల గాలే పొగ. థర్మల్ పవర్ పొగ ఒకదిక్కు, బొగ్గు దుమ్ము ఒకదిక్కు. నా బీడీతోని కొత్తగ ఏమైతదిరా?" ఇక్కడ మగవాళ్లలో చాలామంది ఇదే అంటారు. అందులో సగం నిజమే. బయటి గాలి కాలుష్యం ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2013లోనే తేల్చింది. కానీ చిమ్నీ పొగ గాలిలో కలిసి పలచబడి మన దగ్గరికి వస్తుంది. బీడీ పొగను మనమే నేరుగా లోపలికి లాగుతాం. ఊరి గాలి చెడ్డదైతే దాని మీద ఇంకో పొగ వేసుకోకపోవడమే తెలివి. చిమ్నీని ఆపడం మన ఒక్కరి చేతిలో లేదు, బీడీ మన చేతిలోనే ఉంది.

బీడీ ఆకే కదా, సిగరెట్ అంత చెడ్డది కాదు అనేది ఇంకో మాట. తునికాకు సిగరెట్ కాగితంలా గాలి ఆడనివ్వదు. ఆరిపోకుండా మాటిమాటికీ గట్టిగా లాగాలి. అందుకే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా లోపలికి పోతాయి. 2008లో వచ్చిన మన దేశపు పెద్ద అధ్యయనం ప్రకారం బీడీ తాగే మగవాళ్లు సగటున 6 ఏళ్లు, సిగరెట్ తాగేవాళ్లు 10 ఏళ్లు ఆయుష్షు పోగొట్టుకుంటున్నారు.

"అలవాటైపోయింది, గంట కూడా ఉండలేను" అంటారు. బావిలో మీథేన్ వాయువు ఉంటుంది కాబట్టి బీడీ, అగ్గిపెట్టె లోపలికి తీసుకుపోనివ్వరు, తనిఖీ చేసి పంపుతారు. పెద్దబాపు ఏళ్ల తరబడి షిఫ్టు షిఫ్టంతా బీడీ ముట్టకుండానే పనిచేశారు. ఉండగలరని ఆయన ఒళ్లే చెప్పింది. కాకపోతే లోపల దవడలో తంబాకు ఉండేది.

ఇక్కడే జాగ్రత్త పడాలి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మా పనే అది: ఒకటి బాగుచేస్తే ఇంకోటి చెడిపోలేదు కదా అని చూడటం. మా విదర్భలో బీడీ మానినవాళ్లు పాన్ ఠేలా దగ్గర ఖర్రా పట్టుకుంటారు. సుపారీ, తంబాకు, సున్నం కలిపి నలిపిచ్చే ఆ పొట్లం నోటి క్యాన్సర్‌కు దారి. 2016-17 సర్వే ప్రకారం మహారాష్ట్రలో పొగ తాగేవాళ్లు నూటికి 4 మంది లోపే, పొగ లేని తంబాకు వాడేవాళ్లు 24 మంది. ఊపిరితిత్తులను కాపాడి నోటిని అప్పజెప్పితే ఏం లాభం?

మా బాపు అన్నగారు పోయిన ఏడాది మానేశారు. అప్పటికి ఆయనకు 48 ఏళ్లు. మొదటి వారం ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. చాయ్ తాగగానే చెయ్యి జేబులోకి పోయేది, అందుకని కొన్నాళ్లు చాయే మార్చి మజ్జిగ తాగారు. జేబులో సోంపు పెట్టుకున్నారు. మనసు లాగినప్పుడల్లా లేచి నడిచేవారు, కొద్ది నిమిషాల్లో ఆ గుంజుడు తగ్గేది. నెల దాటాక ఇల్లు మళ్లీ మామూలైంది.

ఆలస్యమైంది కదా అనుకునేవాళ్లకు ఒక లెక్క. 2000లో బ్రిటన్‌లో రిచర్డ్ పీటో బృందం చూపింది: సిగరెట్ మానని మగవాళ్లలో 75 ఏళ్లలోపు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయే ముప్పు నూటికి 16. 60 ఏళ్లకు మానితే 10, 50కి మానితే 6, 40కి 3, 30కి 2. ఏ వయసులో మానినా లాభమే, ముందు మానితే ఎక్కువ లాభం.

మేము అమ్మవాళ్ల ఊరు రాయచూరు వైపు ఉండి కన్నడ మీడియంలో చదువుకున్నాం. కన్నడలో "బిడి" అంటే వదిలేయండి అని. బీడీకీ బిడికీ మధ్య ఉన్నది రెండు దీర్ఘాలే అని అమ్మ బాపును నవ్వుతూ పోరుపెట్టేది.

మా చిన్నాయిన కొడుకులిద్దరూ ఇప్పుడు ముప్పైల్లో ఉన్నారు, ఇద్దరూ తాగుతారు. ఈ దసరాకు అందరం కలుస్తాం. జమ్మి చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్నాక ఈ లెక్క వాళ్ల ముందు పెడతాం. మీ ఇంట్లోనూ అలాంటి తమ్ముడు, బావ ఉంటారు. పొగాకు ప్యాకెట్ మీదే అచ్చయి ఉండే ఉచిత నంబరు 1800-11-2356. తిట్టకండి, పక్కన కూర్చొని ఫోన్ కలిపి ఇవ్వండి.