చింతమడకలో డబ్బా దాచాలా? ముందు అడగండి!

సెలవులకు మనవలొచ్చారా? ఏదైనా పల్లెటూరు చూపించమని పోరుతున్నారా? అయితే ఈసారి సిద్దిపేట వైపు బయలుదేరండి. హైదరాబాదు నుంచి రాజీవ్ రహదారి మీద సుమారు వంద కిలోమీటర్లు. 2023 అక్టోబరులో సికింద్రాబాదు నుంచి రైలు కూడా మొదలైంది. సిద్దిపేట రూరల్ మండలంలోనే ఉంది చింతమడక. తెలంగాణ తొలి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు సొంతూరుగా పేపర్లలో చదివే ఉంటారు. ఊరి పేరు ఎంత ముచ్చటగా ఉందో చూడండి! చింత తెలిసిందే, మడకంటే నాగలి.

అమెరికాలో పెరిగిన పిల్లలైతే పొలం గట్టు మీద చెట్టు కనపడగానే "అమ్మమ్మా, ఇక్కడ క్యాష్ దాచుదామా?" అంటారేమో. కంగారుపడకండి, డబ్బు కాదు! జియోకాషింగ్ అని ఒక ఆట. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని ఉంచిన తేడాను తీసేసింది. ఆ వెంటనే, మే 3న, ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్ దాచి, అదెక్కడుందో అక్షాంశాలు, రేఖాంశాలతో లోకానికి చెప్పాడు. అదీ మొదలు. ఇప్పుడు దేశదేశాల్లో ఆడుతున్నారు. డబ్బాలో ఓ చిన్న పుస్తకం ఉంటుంది. ఫోన్ చూసుకుంటూ వెతికి పట్టుకున్నవాళ్లు అందులో పేరు రాసి, డబ్బాని మళ్లీ అక్కడే పెట్టేయాలి.

ఆట బాగానే ఉంది. కానీ చెట్టు ఎవరిది? స్థలం గలవారి అనుమతి తీసుకోమని ఆట నియమాల్లోనే ఉంది. మన పల్లెల్లో అది ఇంకా అవసరం. సిద్దిపేట 2016 దాకా మెదక్ జిల్లాలోనే ఉండేది. అటు బాణామతి భయం ఎంతటిదో మీకు తెలియంది కాదు. తన చేలో ఎవరో గుట్టుగా పెట్టిన మూట కనపడితే రైతు గుండె ఝల్లుమనదూ? అలాంటి అనుమానాలతోనే ఏ పాపం ఎరగని ఆడవాళ్లని, ముసలివాళ్లని కొట్టి చంపిన సంఘటనలు ఉన్నాయి. పైగా గుప్తనిధుల కోసం రాత్రిళ్లు తవ్వేవాళ్ల బెడద ఒకటి. ఊరు తెలియని కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని పొదలు వెతుకుతుంటే ఎవరైనా ఏమనుకుంటారు చెప్పండి!

అందుకని ముందుగా ఊళ్లోకి వెళ్లి ఆ భూమి ఎవరిదో కనుక్కోండి. పట్టా ఒకరిదీ, కౌలు చేసేది ఇంకొకరూ అయితే ఇద్దరినీ అడగాలి. పాస్‌బుక్కు ఇంటావిడ పేరున ఉంటే ఆవిణ్ణే అడగండి. ఆయన తలూపాడు కదాని వచ్చేయకండి, భూమి ఆవిడది. చెరువు కట్ట అయితే నీటిపారుదల శాఖ వాళ్లు, గుడి దగ్గరైతే పూజారి, ఊరి పెద్దలు, బడి అయితే హెడ్మాస్టరు, ఊరుమ్మడి జాగా అయితే పంచాయతీ. ఎవరిదీ కాని చోటంటూ ఊళ్లో ఉండదండీ!

అడిగేటప్పుడు ఇంగ్లీషు మాటలు ఎందుకు? డబ్బా మూత తీసి చూపించి, "కాకా, ఇది పిలగాండ్లు ఆడుకునే డబ్బా. మీ బాయికాడి చింతచెట్టు మొదట్ల పెట్టుకుంటం. తవ్వం, చెట్టుకు మేకు కొట్టం. మీరు వద్దంటే తీసుకపోతం" అంటే చాలు. తవ్వి పాతిపెట్టకూడదన్నది ఆటలో కూడా నియమమే. ఎంతమంది వస్తారో, ఏ దారిన వస్తారో కూడా చెప్పండి. నాట్లప్పుడు గట్లు తొక్కితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆయన వద్దంటే నవ్వుతూ వచ్చేయండి, బతిమాలద్దు.

ఇక డబ్బా సంగతి. బిగుతైన మూత ఉన్నది, వాసన లేనిది చూడండి. ఆవకాయ పెట్టిన పాత డబ్బా అసలే పనికిరాదు. ఎంత కడిగినా వాసన పోదు, చీమలు పట్టేస్తాయి. పుస్తకాన్ని పాలిథిన్ కవర్లో చుట్టండి. తినేవేవీ లోపల పెట్టకూడదు. తళతళలాడే స్టీలు డబ్బా అయితే కోతులు ఎత్తుకుపోగలవు! డబ్బా మీద 'ఇది ఆట వస్తువు, భయపడకండి' అని తెలుగులో పెద్దక్షరాలతో రాసి, ఫోన్ నంబరు వేయండి.

ఒక్క మెలిక ఉంది. సెలవుల్లో దాచేసి విమానం ఎక్కేస్తామంటే ఆట నడిపేవాళ్లు ఒప్పుకోరు. దగ్గర్లో ఉండి డబ్బాని చూసుకునే మనిషి కావాలంటారు. ఆ మనిషి ఎవరంటారా? మీరే! వానలు పడ్డాక ఓసారి వెళ్లి తడిసిన పుస్తకం మార్చాలి. పనిలో పనిగా ఆ కాకాని పలకరించి, డబ్బా ఇంకా అక్కడ ఉండడం ఆయనకి ఇష్టమేనా అని మళ్లీ అడిగి రండి.