పాత యోడలో మూడు దినములు

క్షీరసాగర మథనమును మేము బాల్యముననే చదివితిమి గాని, సముద్రముపై నొక్క రాత్రియైన గడిపి యెఱుగము. 2018 వేసవి సెలవులలో ఆ ముచ్చట తీరెను. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లెయిరు, విశాఖపట్టణమునకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరము. విమానమున రెండు మూడు గంటల దారియే యైనను, సముద్రమును దనివితీర జూడవలెనని యోడనే కోరుకొంటిమి.

ఓడ మిక్కిలి పాతది. మా కేబినులోని గాలియంత్రము మూల్గునే గాని చల్లగాలి నీయదు. కొళాయి నీరు తుప్పువన్నె. భోజనశాలలో రెండు పూటలును అన్నము, నీళ్లపప్పు. మొదటి దినమంతయు ఓడను దూఱుటతోనే సరిపోయెను. ఆ రాత్రి గాలి రేగెను. నాడు మందరగిరి యెట్లు తిరిగెనో, మా తలలును అట్లే తిరిగెను. మా అత్తగారు వాంతులతో సొమ్మసిల్లి, "అమ్మాయీ, నన్నింటికి తీసుకొనిపో" యని చేయి పట్టుకొనిరి. నడిసముద్రమున ఇల్లెక్కడ! మాకు దుఃఖమాగలేదు.

తెల్లవాఱగనే బంకుల తరగతి నుండి యొక యిల్లాలు వచ్చి, "మామ్మగారిని లోపల ఉంచకండమ్మా, పైకి తీసుకురండి" అని తానే భుజమిచ్చి డెక్కుపైకి జేర్చెను. మూసిన గదిలో అంతయు నిలుకడగా నున్నట్లు కంటికి దోచును. చెవిలోపలి యంగము కదలికను గుర్తించును. ఆ రెంటికి పొత్తు కుదరకయే వికారము గలుగును. దూరమున నింగియు నీరును గలియు చోటును జూచుచు, ఆమె యిచ్చిన యల్లపుముక్కను జప్పరించి, అత్తగారు తేరుకొనిరి.

ఆమెది శ్రీకాకుళపు ప్రాంతము నుండి దీవులకు వలసపోయిన కుటుంబము. తల్లికి కడపటి దినములలో సేవచేసి, కర్మయు ముగిసిన పిమ్మట మఱలుచుండెను. మేము ఓడను నిందింపగా, "మీకిది విహారం అమ్మా, మాకిది పుట్టింటి దారి. విమానానికి డబ్బులెక్కడివి? ఇది లేకపోతే మా అమ్మ ముఖం చూసేదాన్నా?" అనెను. మేము మాఱు పలుకలేకపోతిమి.

పిమ్మట డెక్కును విడువలేదు. నీరు పచ్చదనము వీడి, సిరా యొలికినట్లు గాఢనీలమయ్యెను. వెండిఱేకులవంటి చేపలు నీటి నుండి లేచి, కొంతదూర మెగిరి మునుగుచుండెను. ఆ రాత్రి అత్తగారును ఆ యిల్లాలును సప్తర్షుల నడుమ అరుంధతిని మా పిల్లలకు జూపిరి. అంత స్పష్టముగ ఆమెను మేమెన్నడును జూడలేదు.

మూడవనాటి సాయంకాలమున దీవులు గాన్పించెను. 1906లో కట్టి ముగించిన సెల్యులార్ కారాగారమును మఱునాడు చూచితిమి. ఇంటికి మఱలుదుమన్న నమ్మకము లేక ఆ నీటినే దాటివచ్చిన దేశభక్తులను దలంచుకొనగా, అత్తగారు మా చేయి పట్టుకొనిన రాత్రి జ్ఞప్తికి వచ్చెను.

తిరుగు ప్రయాణమునను అట్టి యోడనే యెక్కితిమి. అల్లమును, నిమ్మకాయలును, నిమ్మకాయ యూరగాయయు వెంట నుంచుకొంటిమి. కొళాయి నీరు తుప్పువన్నెగనే వచ్చెను; బాల్చీలో తేర్చి వాడుకొంటిమి.