తొంభై రోజుల చిరునామా

థాయ్‌లాండ్ ఈశాన్య భాగాన్ని ఈసాన్ అంటారు. సంస్కృతంలో ఆ దిక్కును తెలిపే ఈశాన శబ్దమే అక్కడ ఆ రూపంలో నిలిచింది. ఇరవై చంగ్వాట్‌లుగా, అంటే జిల్లాల వంటి పాలనా విభాగాలుగా ఉన్న ఈ పీఠభూమిలో, ఖోన్ కేన్, ఉదోన్ థానీ వంటి పట్టణాల చుట్టూ వరిపొలాల నడుమ ఉన్న పల్లెల్లో, ఐరోపా నుంచో అమెరికా నుంచో వచ్చి, స్థానిక స్త్రీని పెళ్ళాడి కాపురం పెట్టిన విదేశీయుడు ఇప్పుడు అరుదైన మనిషి కాడు. ఊరు అతణ్ణి ఫరాంగ్ అని పిలుస్తుంది. పర్షియా మీదుగా తూర్పు దేశాలకు పాకిన ఈ మాటకూ తెలుగులోని ఫిరంగికీ మూలం ఒకటే. ఇక్కడ అది ఆ పరదేశి వెంట వచ్చిన ఆయుధానికి పేరు కాగా, అక్కడ జామపండుకు కూడా పేరయింది.

అతడు ఎన్నేళ్ళున్నా చట్టం లెక్కలో మాత్రం బస చేస్తున్నవాడే. 1979 నాటి ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం తాత్కాలిక అనుమతి మీద ఉంటున్న విదేశీయుడు తొంభై రోజులకొకసారి తన చిరునామాను అధికారులకు తెలియజేయాలి. విశ్రాంత జీవితం గడపడానికి అనుమతి కోరేవాడికి 50 ఏళ్ళు నిండి ఉండడమే కాక, బ్యాంకులో 8 లక్షల బాత్ నిల్వనో నెలకు 65 వేల బాత్ ఆదాయాన్నో చూపాలి, ఆ అనుమతినైనా ఏటా కొత్తగా తీసుకోవాలి. భూమి కొనే హక్కు సాధారణంగా విదేశీయుడికి లేదు కనుక, జీవితమంతా కూడబెట్టిన సొమ్ముతో కట్టించిన ఇల్లు సైతం భార్య పేర ఉన్న నేల మీదే నిలుస్తుంది.

రాజ్యం మూడు నెలలకొకసారి ‘ఎక్కడున్నావు’ అని అడుగుతుంటే, ఊరు పూటపూటా ‘అన్నం తిన్నావా’ అని అడుగుతుంది. ఈసాన్ మాటలో ‘గిన్ ఖావ్ లేవ్ బొ’ అనే ఈ పలకరింపు తెలుగు పల్లె అరుగు మీద వినిపించేదే. జవాబు ఏదైనా, చాప మీద జరిగి చోటివ్వడం, గ్రతిప్ అనే మూత గల వెదురు బుట్టలోంచి వేడి జిగురు అన్నం తీసి చేతిలో పెట్టడం ఆనవాయితీ. దాన్ని వేళ్ళతో చిన్న ముద్దగా నొక్కి, పులియబెట్టిన చేపల రసం, అంటే ప్లా రా కలిపి దంచిన పచ్చిబొప్పాయి పచ్చడిలో అద్దుకుని తింటారు. పొరుగింటి పిల్ల అతణ్ణి ‘లుంగ్’, అంటే పెదనాన్న అంటుంది. పేరు పెట్టి పిలవడమే దగ్గరితనమనుకునే సమాజం నుంచి వచ్చినవాడికి, ఈ వరుసలో ఎంత ఆదరం ఉందో, ఎంత బాధ్యత ఉందో తెలిసి రావడానికి కొన్నేళ్ళు పడుతుంది. అది తెలిసినవాడే ఊళ్ళో మనిషవుతాడు.

డిసెంబరుకు థాయ్ పేరు థన్వాఖోమ్, జనవరికి మకరాఖోమ్. ధనూరాశి, మకరరాశి రాక అని వాటి అర్థం. ధనుర్మాసం ముగ్గులు ఎరిగిన తెలుగువారికి ఈ పేర్లు కొత్తగా తోచవు, క్రిస్మస్ కోసం ఎదురుచూసే ఫరాంగ్‌కు మాత్రం అవి పరాయివే. డిసెంబరు 25 అక్కడ సెలవు కాదు; ఆ ఉదయం కూడా భిక్షువులు భిక్షకు వస్తారు, ఎనిమిదింటికి జాతీయగీతం మోగుతుంది, బడులు నడుస్తాయి. సకోన్ నకోన్ ప్రాంతపు థా రే వంటి కేథలిక్ ఊళ్ళలో నక్షత్రాల ఊరేగింపు కన్నులపండువగా సాగుతుంది కాని, తక్కినచోట్ల అతడి పండుగ అతడి ఇంటి గోడల మధ్యనే జరిగిపోతుంది.

ఊరి పండుగ అయిన కొత్త సంవత్సరం ఆ తర్వాత వారానికి వస్తుంది. 1889 నుంచి ఏప్రిల్ 1న మొదలవుతూ వచ్చిన అధికారిక సంవత్సరాన్ని 1941లో జనవరి 1కి మార్చారు. అందువల్ల అంతకు ముందరి బౌద్ధ సంవత్సరం 2483 తొమ్మిది నెలలకే ముగిసింది. పాత ఉగాది వంటి సొంగ్‌క్రాన్ ఏప్రిల్ నడిమధ్య అలాగే నిలిచింది కనుక, బతుకుతెరువుకు వెళ్ళినవారు ఇల్లు చేరే రోజులు ఏడాదికి రెండుసార్లు వస్తాయి. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి జనం కదిలినట్టే, బ్యాంకాక్ నుంచి వేలాది వాహనాలు మిత్రఫాప్ రహదారి ఎక్కుతాయి. మిత్రభావమే ఆ పేరుకు అర్థం. అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న పిల్లలు ఆ నాలుగు రోజులే తల్లిని కళ్ళారా చూస్తారు. రోడ్డు ప్రమాదాల భయంతో ‘ఏడు ప్రమాద దినాలు’ అని ప్రభుత్వమే హెచ్చరించే ఆ ప్రయాణాలను పెద్దలు మానుకోకపోవడానికి కారణం ఆ పిల్లల ముఖాలే.

అందరూ చేరాక కొన్ని ఇళ్ళలో బాయ్ సీ సూ ఖ్వన్ అనే వేడుక చేస్తారు. మనిషిలో ఖ్వన్ అనే ప్రాణశక్తులు ముప్ఫై రెండు ఉంటాయనీ, దూరప్రయాణంలోనో దిగులులోనో అవి దేహాన్ని విడిచి తిరుగుతాయనీ నమ్మకం. వాటిని తిరిగి పిలవడమే దాని ఉద్దేశం. అరటాకులను మడిచి గోపురంలా కట్టి, బంతిపూలు గుచ్చి, ఉడికించిన గుడ్లు, అన్నం అమర్చాక, ఫ్రామ్ అనే పెద్ద (బ్రాహ్మణ శబ్దమే అలా మారింది) పిలుపు పాఠం చదువుతాడు. ఆ తర్వాత ముసలమ్మలు ఒక్కొక్కరే వచ్చి, తెల్లని నూలు పోగుతో అరచేతిని బయటికి తుడిచి కీడును పొమ్మని, లోపలికి తుడిచి మేలును రమ్మని, మణికట్టుకు ముడి వేస్తారు. పక్కనున్నవారు ముడి వేయించుకునేవాడి మోచేతిని కింద నుంచి పట్టుకుంటారు. పొలం పనుల్లో గరుకెక్కిన ఆ వేళ్ళు ముడి బిగించేటప్పుడు అమ్మ గొంతుతో ‘రా, ఇంటికి రా’ అనే మాటలు, సముద్రాల అవతల పుట్టినవాడికీ వరస తప్పకుండా చెబుతారు.

ఆ పోగులను కనీసం మూడు రోజులు విప్పకూడదు. తొంభై రోజుల గడువు దగ్గరపడిన ఫరాంగ్ మాసిన నూలు చేతితోనే ఇమిగ్రేషన్ కార్యాలయంలో వరుసలో నిలబడి, ఇంటి నంబరు, ఊరి సంఖ్య, తంబోన్ (ఊళ్ళ సముదాయం), అంఫో (మండలం వంటిది) పేర్లు చూసి చూసి రాసి సంతకం చేస్తాడు.