సిగ్నల్లో ఆగే బండి

నేను చదివింది మూడో తరగతి. మాగడి రోడ్డు పక్క మిల్లులో రింగు ఫ్రేము మీద ఇరవై ఆరేళ్లు పని చేసినాను. బండ్ల సంగతి నాకు తెలీదు. అయినా మా ఇంట్లో జరిగింది మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

పదేళ్ల కిందట మావాడు కలాసిపాళ్యం మార్కెట్టు నుంచి అంగళ్లకు కూరగాయలు వేసేవాడు. సీటు కింద ఇంజన్ ఉండే పాత కార్బురేటర్ వ్యాను. రోడ్డు మీద బాగానే పోయేది. టౌన్ హాల్ సిగ్నల్లో కాలు తీస్తే చాలు, వణికి ఆగిపోయేది. వెనక హారన్లు, తిట్లు. మెకానిక్కు స్క్రూ తిప్పి రేసు పెంచినాడు. నాలుగు రోజులకు మళ్లీ అదే కథ. కార్బురేటరే మార్చాలన్నాడు. ఇంట్లో ఉండిన డబ్బు మా ఆమె కంటి ఆపరేషన్‌కని చీటీ ఎత్తి పెట్టింది. "బండి ఆగితే తిండి ఆగుతాది. కన్ను ఇంకో ఆర్నెల్లు ఓర్చుకుంటాది, ఇచ్చేయండి" అనింది.

నాకు మనసొప్పలేదు. మిల్లులో మేస్త్రీ చెప్పేది గుర్తొచ్చింది. పోగు ఒకసారి తెగితే అతుకు. అదే కదురు దగ్గర మళ్లీ మళ్లీ తెగితే అతకడం ఆపి, ట్రావెలర్ అరిగిందా, రింగు చెడిందా చూడు. స్క్రూ తిప్పడం కూడా అతకడమే కదా!

ఆదివారం సీటు ఎత్తి, ఇంజన్ ఆన్ చేయించి చెవి పెట్టినాను. వందల కదుర్ల సద్దులో ఒక్కదాని తేడా పట్టిన చెవి. సన్నగా 'సుయ్' మని వినిపించింది. "ఆ రబ్బరు పైపు నొక్కి పట్టు నాయనా, బెల్టు దగ్గర చెయ్యి జాగ్రత్త" అన్నాను. పట్టినాడు. వణుకు నిలిచింది. వదిలితే మళ్లీ వణుకు. పైపు మొదట్లో చీలిక!

తర్వాత మెకానిక్కే వివరం చెప్పినాడు. కాలు తీసినప్పుడు ఇంజన్‌కు పోయే గాలి చాలా తక్కువ. చీలికలోంచి ఎక్కువ గాలి దూరితే పెట్రోలు పాలు చాలక మంట ఆరుతుంది. వేగంగా పోయేటప్పుడు ఆ కొంచెం గాలి లెక్కకు రాదు.

జె.సి. రోడ్డులో పైపు కొన్నాము. నూరు రూపాయలు కూడా కాలేదు. ఆ నెలలోనే మా ఆమె కంటికి ఆపరేషన్ అయింది.

అన్ని బండ్లకూ పైపే కారణం అనను. కార్బురేటర్ స్లో జెట్‌లో చెత్త అడ్డం పడినా, ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో త్రాటిల్ దగ్గర మసి పేరుకున్నా ఇదే బాధ. పెద్ద సామాను మార్చే ముందు ఈ చిన్నవి చూడమనండి. బండి నడిపే పిల్లలుంటే ఇది చదివి వినిపించండి.