రెండు సీట్లు

29 నవంబరు 2024, శుక్రవారం
డ్యూటీ దిగి తిన్నగా పోలింగ్ స్టేషన్‌కి వెళ్లాను. ఐరిష్ పౌరసత్వం వచ్చాక డాల్‌కి, అంటే ఇక్కడి దిగువ సభకి, నా మొదటి ఓటు. పేర్ల పక్కన పెన్సిల్‌తో 1, 2, 3 అని వరసగా రాయాలి. లేబర్‌కి 1, సోషల్ డెమొక్రాట్లకి 2 రాశాను. గ్రీన్స్‌కి 3 రాసేటప్పుడు చెయ్యి ఆగింది. 2020 నుంచి ఫియానా ఫాయిల్, ఫినె గేల్‌తో కలిసి ప్రభుత్వంలో ఉన్నది వాళ్లే. ఇంటి అద్దెలు చూస్తే కడుపు మండుతుంది. కానీ మా అమ్మాయి కాలేజీకి వెళ్లే బస్సు టికెట్ ఇప్పుడు ఒక్క యూరో. 2022లో ఛార్జీలు తగ్గించి, కుర్రవాళ్లకి సగం టికెట్ పెట్టించింది గ్రీన్స్ మంత్రే. 3 రాసి వచ్చాను.

3 డిసెంబరు, మంగళవారం
లెక్కింపు అంతా అయిపోయింది. శనివారం పాస్ దొరికితే ఆర్‌డీఎస్ హాల్లో ఓ గంట నిలబడ్డాను. బల్లల మీద బ్యాలెట్లు విప్పుతుంటే కంచె ఇవతల కార్యకర్తలు మెడలు చాచి, ఏ పేరు పక్కన 1 ఉందో చూసి కాగితం మీద గీతలు గీసుకుంటున్నారు. దాన్ని టాలీ అంటారు. గ్రీన్స్ తరఫు పెద్దాయన కాగితం చాలాసేపు తెల్లగానే ఉండిపోయింది. ఆయన పెన్సిల్ జేబులో పెట్టుకున్నారు గానీ కదల్లేదు. 12 మంది ఉన్న పార్టీలో ఇప్పుడు ఒక్కరు మిగిలారు.

లేబర్‌కీ ఇదే జరిగింది. 2011లో 37 సీట్లతో ఫినె గేల్‌తో కలిసి ప్రభుత్వంలో చేరింది. కాపాడతామన్న పిల్లల భత్యంలోనే కోత పడింది. 2016లో 7 సీట్లకు దిగింది. అయితే 2015లో స్వలింగ వివాహాల రిఫరెండానికి గట్టిగా పట్టుబట్టిందీ ఆ లేబరే. 62 శాతం మంది అవునన్నారు.

8 డిసెంబరు, ఆదివారం
ఖమ్మం నుంచి నాన్న ఫోను. ఎన్నికల సంగతులూ, పెద్ద పార్టీలు రెండూ మూడో తోడు కోసం చూస్తున్న సంగతీ చెబితే మళ్లీ 1996 దగ్గరికే వెళ్లారు.
"జ్యోతిబసుని ప్రధాని కానివ్వలేదు మన సీపీఎం వాళ్లు. చారిత్రక తప్పిదమని ఆయనే అన్నారు. లోపల ఉంటేనే కదమ్మా నాలుగు పనులయ్యేది?"
"అక్కడ ఇవ్వజూపింది ప్రధాని పదవి నాన్నా. ఇక్కడ మూడో కుర్చీ."
"మూడోదైనా కుర్చీయే కదా!"
వెంటనే జవాబు తోచలేదు. పప్పు మాడిన వాసన వచ్చి ఫోను పెట్టేశాను.

20 డిసెంబరు, శుక్రవారం
నాన్నకి చెప్పాల్సిన జవాబు ఈ రాత్రి దొరికింది.

ఫియానా ఫాయిల్ 48, ఫినె గేల్ 38, కలిపి 86. సభలో 174 మంది కాబట్టి 88 కావాలి. ఆ రెండూ ఇవ్వడానికి స్వతంత్రులు సిద్ధంగా ఉన్నారు. లేబర్‌కి 11, సోషల్ డెమొక్రాట్లకి 11. వాళ్లలో ఎవరు చేరి రేపు అలిగి లేచినా ప్రభుత్వం పడిపోదు. లేచినా కూలదని తెలిసినవాడి మాట క్యాబినెట్‌లో ఎవరు వింటారు?

1994లో అలా కాదు. అటార్నీ జనరల్‌ని హైకోర్టు అధ్యక్షుడిగా నియమించిన గొడవలో లేబర్ నాయకుడు డిక్ స్ప్రింగ్ పార్టీని ప్రభుత్వం నుంచి బయటికి తెచ్చారు. ప్రధాని ఆల్బర్ట్ రేనాల్డ్స్ దిగిపోయారు. అంతకుముందు ఎన్నికల్లో స్ప్రింగ్ పార్టీ 33 సీట్లు గెలిచింది. 2020లో గ్రీన్స్ 12 మందే అయినా, వాళ్లు లేకపోతే పెద్ద పార్టీలు రెండూ కలిసినా మెజారిటీకి చాలా దూరం. 2030 నాటికి ఉద్గారాలు 51 శాతం తగ్గించాలన్న చట్టం రావడానికి అదే బలం. ఓడిపోయినందుకు వాళ్లు చేసింది తప్పని నేను అనను. మా అమ్మాయి టికెట్ ఇంకా ఒక్క యూరోయే.

ఈసారి లేబర్, సోషల్ డెమొక్రాట్లు రెండూ ప్రభుత్వంలో చేరమన్నాయి. సరైన పనే.

23 జనవరి 2025, గురువారం
స్వతంత్రుల మద్దతుతో ఫియానా ఫాయిల్ నాయకుడు మీహాల్ మార్టిన్ మళ్లీ ప్రధాని. 95 మంది అవునన్నారు, 76 మంది కాదన్నారు. లేబర్, సోషల్ డెమొక్రాట్లు కాదన్నవాళ్లలో ఉన్నారు. ఇకనైనా ఆ పదకొండూ ఈ పదకొండూ ఒక్కమాట మీద ఉండాలి. వచ్చేసారి పిలుపు వస్తే ఇరవై రెండుగా వెళ్లాలి, లేదా బయటే ఉండాలి. నాన్నకి ఇదే చెప్పాను. ఆలోచించి చెబుతానన్నారు.